వృద్ధుల మతిమరుపు: మనం తీర్చని బాకీ

సకల ప్రశంసలు సమస్త లోకాలను పోషించే అల్లాహ్‌కే చెందుతాయి. మనిషిని బలహీనమైన శిశువుగా పుట్టించి, బలాన్ని ప్రసాదించి, తిరిగి బలహీనత వైపు, నెరసిన జుట్టు వైపు నడిపించేవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబం పైన, సహచరులందరి పైన శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా, ఈ పాఠాన్ని ఇంట్లో చదువుకునే సోదరీమణులారా!

మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చి శుభ్రం చేసే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. పురుషుడని చెప్పే ఉల్లేఖనం కూడా ఉన్నది గాని, ఎక్కువమంది పండితులు స్త్రీ అనే అభిప్రాయం వైపే మొగ్గారు. ఒక రాత్రి ఆమె మరణించింది. ఆ వేళప్పుడు దైవప్రవక్త (స)ను లేపి ఇబ్బంది పెట్టడమెందుకని సహచరులు తామే జనాజా నమాజు చేసి ఖననం చేశారు. ఆమె కనిపించకపోవడం గమనించి ఆయన అడిగారు. మరణించిందని చెప్పారు. ఆ సంగతి తనకెందుకు తెలియజేయలేదని ఆయన ప్రశ్నించారు. సమాధి ఎక్కడో చూపించమని వెళ్ళి, అక్కడ నిలబడి ఆమె కోసం నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉన్నది.

ఈ హదీసును నేను మద్రసాలో పంతొమ్మిదేళ్ళ వయసులో చదివాను. ఖననం జరిగిన తర్వాత సమాధి వద్ద జనాజా నమాజు చేయవచ్చునా, ఎన్ని రోజుల వరకు చేయవచ్చును అని మేము వారం రోజులు వాదించుకున్నాం. అది కూడా అవసరమైన విద్యే. కాని ఆ హదీసులోనే ఉల్లేఖకుడు చేర్చిన ఒక చిన్న మాట ఉన్నది. వారు ఆమె విషయాన్ని చిన్నదిగా ఎంచినట్లున్నదని ఆయన అంటాడు. ఆ మాట మీద మా తరగతిలో ఒక్క ప్రశ్న కూడా లేవలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగిన తర్వాతనే, ఆ మాట నా కంటికి ఆనింది.

ఆ తప్పు మీకు చెప్పుకోవాలి. మింబరు ఎక్కినవాడు ఇతరుల తప్పులే చెప్పి దిగిపోవడం న్యాయం కాదు.

కొన్నేళ్ళ క్రితం ఒక రోజు అస్ర్ నమాజు తర్వాత ఒక కోడలు తన అత్తను వెంటబెట్టుకుని మస్జిదు గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పెద్దావిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన చేతులు. "హజ్రత్, మా అత్తకు ఏదో గాలి సోకినట్టుంది. జొహర్ చదివి కూర్చుంటుంది, చదవలేదని మళ్ళీ లేస్తుంది. డబ్బులు తనే ఎక్కడో దాచుకుంటుంది, నేను తీశానంటుంది. మొన్న మా వీధిలోనే దారి తప్పింది" అని ఆ అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకున్నది. నేను నీళ్ళ మీద చదివి ఊది ఇచ్చాను. ఎనిమిది నెలల్లో నాలుగు సార్లు వచ్చారు, నాలుగు సార్లూ అదే చేశాను. కొడుకుతో, వయసు పైబడింది కదా బాబూ, ఓపిక పట్టమని చెప్పాను. చదివి ఊదడం సున్నత్. అందులో తప్పు లేదు. అక్కడితో ఆగిపోవడంలోనే తప్పు ఉన్నది. ఆమెకు బీపీ ఎప్పుడైనా చూపించారా అని ఒక్కసారి కూడా నేను అడగలేదు.

తర్వాత ఆమె ఒక రోజు పడిపోయింది. పెద్ద ఆసుపత్రిలో తల స్కానింగ్ తీసి, ఎంతోకాలంగా అదుపులో లేని రక్తపోటు వల్ల మెదడులోని సన్నని రక్తనాళాలు ఒక్కొక్కటిగా దెబ్బతిన్నాయని, ఇప్పుడు పడిన పక్షవాతం మొదటిది కాదని డాక్టరు చెప్పాడు. ఇంతకాలం ఎందుకు తీసుకురాలేదని అడిగితే ఆ కొడుకు, వయసు కదా సార్ అని ఊరుకున్నాడట. ఆ జవాబు అతనికి నేర్పింది నేనే. ఆమె అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. ఆమె విషయాన్ని నేను చిన్నదిగా ఎంచాను.

అదే సంవత్సరం మన మస్జిదుకే వచ్చే ఒక రిటైర్డు ఉద్యోగి మాటల మధ్యలో పేర్లు మరచిపోవడం మొదలుపెట్టారు. నెల తిరగకముందే పిల్లలు హైదరాబాదులో నరాల వైద్యుని వద్దకు తీసుకెళ్ళారు. పరీక్షలు, మందులు, వినికిడి యంత్రం అన్నీ అమరాయి. ఈనాటికీ ఆయన మనవడి చేయి పట్టుకుని జుమాకు వస్తున్నారు. అల్‌హమ్దులిల్లాహ్, ఆయన ఆయుష్షు వర్ధిల్లాలి. ఆయన పిల్లలు చేసినది ప్రతి సంతానమూ చేయవలసిన పని. కాని నా మనసులో ఒక ప్రశ్న నిలిచిపోయింది. ఈ మస్జిదులో ధనికుడు, పేద భుజం భుజం కలిపి ఒకే సఫ్‌లో నిలబడతారు. మరి జబ్బు వచ్చినప్పుడు మన సఫ్ ఎందుకు విడిపోతున్నది?

సోదరులారా, డాక్టర్లు డిమెన్షియా అని పిలిచే ఈ వ్యాధిని మనం వ్యాధిగా లెక్కలోకి తీసుకోము. తెలుగులో చాదస్తం అంటాము. ఉర్దూలో సఠియా గయే, అంటే అరవై నిండి మతి పోయిందని నవ్వుతాము. రెండు భాషలు తెలిసినందుకు రెండు భాషల్లోనూ ఎగతాళి చేయడమే మనకు దక్కింది. 2023లో ప్రచురితమైన ఒక పెద్ద జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. ఆ 88 లక్షలు అందరి ఇళ్ళకూ సమానంగా పంచబడలేదు. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే పల్లెలలో, చదువుకున్నవారిలో కంటే బడి గడప తొక్కనివారిలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించింది.

మన పిల్లలు ఉద్యోగాలకు వెళుతున్న అమెరికాలో కూడా ఇదే తీరు మరో రూపంలో ఉన్నది. అక్కడ తెల్లజాతి వృద్ధులతో పోలిస్తే నల్లజాతి వృద్ధులలో ఈ వ్యాధి దాదాపు రెండింతలు, స్పానిష్ మాతృభాషగా గల వంశాల వారిలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఉన్నదని అక్కడి నివేదికలు ఏటేటా చెబుతున్నాయి. దీనికి కారణం వారి రక్తంలో ఉన్నదని అనుకోకండి. ఈనాడు అక్కడ ఎనభై దాటిన నల్లజాతి వృద్ధురాలు దక్షిణాది రాష్ట్రాలలో పుట్టి ఉంటే, 1954లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేవరకు చట్టమే ఆమెను వేరే బడిలో కూర్చోబెట్టింది. పుస్తకాలు తక్కువ, ఉపాధ్యాయులకు జీతాలు తక్కువ. పెద్దయ్యాక జీతం తక్కువ ఉన్న పని, మంచి వైద్యునికి దూరంగా ఉన్న ఇల్లు. రక్తపోటు, మధుమేహం వారిలో ఎక్కువ, అవి బయటపడేది ఆలస్యంగా. చిన్నప్పుడు జరిగిన అన్యాయం డెబ్బై ఏళ్ళ తర్వాత మెదడులో బయటపడుతున్నది. అరబ్బుకు అరబ్బేతరునిపై గాని, తెల్లవానికి నల్లవానిపై గాని ఆధిక్యత లేదని, దైవభీతితోనే తప్ప అది రాదని మన ప్రవక్త (స) తమ చివరి హజ్జులో ప్రకటించి పద్నాలుగు శతాబ్దాలు దాటింది. వినడానికి మనకు ఎంతో ఇంపుగా ఉంటుంది. అమెరికా వారి తప్పును ఎత్తిచూపడం మరింత ఇంపుగా ఉంటుంది. కాని మన ఇంటి లెక్క తీద్దాం.

1961 జనాభా లెక్కల నాటికి మన దేశంలో చదవడం రాయడం వచ్చిన స్త్రీలు నూటికి 15 మంది. ఆనాడు ఎనిమిదేళ్ళ బాలిక ఇప్పుడు డెబ్బై దాటిన నానీ, దాదీ. తమ్ముణ్ణి బడికి పంపి ఆమెను ఇంట్లో ఉంచినది ఏ తెల్లదొర కాదు. మన తాతలే. విద్యార్జన విధి అని చెప్పిన ధర్మాన్ని అనుసరించేవారమైన మనమే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో 2001 నాటి లెక్క ఉన్నది. దేశంలో అక్షరాస్యత నూటికి 65 దాటితే ముస్లింలలో 59 దగ్గరే ఆగింది. అందులో ప్రభుత్వాల బాధ్యత ఉన్నది, కాదనను. మన బాధ్యత కూడా ఉన్నది.

చదువుకూ మతిమరుపుకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. చదువు, నేర్పు అవసరమైన పనులు, నలుగురితో మాటామంతీ మెదడుకు గాదెలోని ధాన్యం వంటివి. కరువు అందరి ఇంటికీ వస్తుంది. గాదె నిండుగా ఉన్న ఇల్లు కొంతకాలం తట్టుకుంటుంది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇటువంటి కారణాలు 14 గుర్తించింది. తక్కువ చదువు, వినికిడి లోపం, చూపు లోపం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, ధూమపానం, మద్యం, తలకు తగిలిన దెబ్బలు, వాయు కాలుష్యం, మనోవ్యాకులత, ఒంటరితనం వంటివి అందులో ఉన్నాయి. ఇవన్నీ సరిదిద్దగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతం వరకు రాకుండా ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని వారి అంచనా. మిగిలిన సగానికి పైగా మన చేతిలో లేదు. అందుచేత ఎవరి తల్లికి ఈ వ్యాధి వచ్చినా ఆ ఇంటివారిని నిందించకండి. గొప్ప ఆలిములకు, హాఫిజులకు కూడా వచ్చింది.

ఆ జాబితాను మరోసారి తలచుకుని, మన మహల్లాలోని ఒక పేద వితంతువును ఊహించుకోండి. బడి లేదు. పొగాకు ధూళి ఉన్నది. పొయ్యి పొగ ఉన్నది. చెవి వినబడదు, యంత్రం కొనే స్తోమత లేదు. కంటిలో శుక్లం, వచ్చే నెల, ఆ పై నెల అని వాయిదా. బీపీ మాత్ర ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. కాని ఆ కేంద్రం తెరిచి ఉండే వేళలోనే కూలి దొరుకుతుంది. ఒక రోజు కూలి పోతే ఆ రాత్రి పొయ్యి వెలగదు. అందుకని మాత్రను సగం చేసి మింగుతుంది, తల తిరగనినాడు మానేస్తుంది. రక్తపోటు నొప్పి పెట్టే జబ్బు కాదు. చెదపురుగు దూలాన్ని తిన్నట్టు చప్పుడు లేకుండా తింటుంది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో చెప్పిన దాని ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు, పెద్దవారిలో నూటికి 35 మందికి రక్తపోటు ఉన్నది. నలభై ఏళ్ళ వయసులో పట్టించుకోని రక్తపోటు డెబ్బైలో మతిని అడుగుతుంది. కనుక ఈ మాట ముందు వరుసలోని పెద్దలకే కాదు, వెనుక స్తంభానికి ఆనుకుని కూర్చున్న నలభై ఏళ్ళవారికి కూడా.

పేదవారి నోటిలో అల్లాహ్ ఒక సంపద పెట్టాడు, దాన్ని కూడా చెప్పాలి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే భాష తెలిసినవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. బడికి వెళ్ళని, సంతకం కూడా రాని వారిలో సైతం ఆ తేడా కనిపించింది. ఇంట్లో దక్కనీ, సంతలో తెలుగు మాట్లాడే మన నానీలకు ఇది ఎవరూ ఇవ్వని ఆస్తి. మన మనవలకు ఒక్క ఇంగ్లీషు తప్ప మరేదీ రాకుండా పెంచుతున్న తల్లిదండ్రులు దీన్ని కొంచెం ఆలోచించాలి. సరే, అది వేరే జుమా విషయం.

ఇక్కడ కొందరు ఒక హదీసు గుర్తు చేస్తారు. వైద్యం చేయించుకోవచ్చునా అని ఎడారివాసులు అడిగితే, చేయించుకోండి, అల్లాహ్ మందు లేకుండా ఏ జబ్బునూ పెట్టలేదు, ముసలితనం ఒక్కటి తప్ప అని దైవప్రవక్త (స) బోధించారు. చూశారా, ముసలితనానికి మందు లేదని ఆయనే చెప్పారు కదా అంటారు. నిదానంగా ఆలోచించండి. ఆయన మినహాయించినది ముసలితనాన్ని. ముసలివారికి వచ్చే జబ్బులను కాదు. తొంభై ఏళ్ళ మనిషి ఇంటి దారి మరచిపోకుండా జీవించడం మనం చూస్తున్నాము కదా? దారి మరవడం వయసే అయితే, ఆ వయసు వారందరూ మరవాలి. కనుక అది జబ్బు. జబ్బుకు వైద్యం చేయించాలన్నదే హదీసు ఆదేశం. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదన్నది నిజమే. కాని థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల దుష్ఫలితం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటిలో చాలావరకు నయమవుతాయి. ఒక రక్త పరీక్షతో తేలే విషయాన్ని ముసలితనం ఖాతాలో రాసి ఖబరస్తాన్ వరకు మోసుకెళ్ళిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో అల్లాహ్‌కే తెలుసు.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ రోజు తారీఖు ఎంత అని అడుగుతారు. మన పెద్దావిడ చెప్పలేకపోతుంది. ఆమెకు ఇంగ్లీషు తారీఖు ఎన్నడూ తెలియదు. షాబాన్ సగం అయిందా, రంజాన్‌కు ఎన్నాళ్ళుందో అడగండి, అప్పుడు తెలుస్తుంది ఆమె మతి ఎంత పదిలమో. ఈ మాట డాక్టరుకు మీరే వినయంగా చెప్పాలి. చదువు లేకపోవడాన్ని మతి లేకపోవడంగా పొరబడితే అది ఆమెకు రెండో అన్యాయం.

ఇక షరీయత్‌కు సంబంధించి ఇళ్ళలో ఎదురయ్యే కొన్ని విషయాలు. మతి పోయిన వ్యక్తి కర్మలను రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) తెలియజేశారు. నిద్రించేవాడు మేలుకునే వరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యే వరకు ఎలా రాయబడదో అలాగే. కనుక మీ తల్లి నాలుగు రకాతుల చోట ఏడు చేసినా, వజూ లేకుండా నిలబడినా, రంజాన్ పగటిపూట అన్నం అడిగినా గద్దించకండి. అన్నం పెట్టండి. తెలివి పూర్తిగా పోయినవారికి ఉపవాసమూ లేదు, దానికి ఫిద్యా కూడా లేదు. తెలివి ఉండి శరీరం సహకరించనివారి సంగతి వేరు, వారికి ఫిద్యా ఉన్నది. తెలివి వస్తూ పోతూ ఉంటే మీ దగ్గరలోని ముఫ్తీని అడిగి తెలుసుకోండి. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు విసుగుతో కూడిన చిన్న శబ్దం కూడా చేయరాదని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. ఒకే ప్రశ్నను రోజుకు నలభైసార్లు అడిగే తల్లి దగ్గరే ఆ ఆయతు నిజమైన పరీక్ష. తెలివిగల తల్లితో మర్యాదగా మాట్లాడటం ఏమంత కష్టం?

మరొకటి. ఇది చెబుతుంటే కొందరికి కోపం రావచ్చు, రానివ్వండి. మతి తప్పిన తల్లి వేలిని పట్టుకుని దస్తావేజు మీద ముద్ర వేయించుకోవడం మన మధ్యనే జరుగుతున్నది. తెలివి లేని స్థితిలో చేయించిన దానం, అమ్మకం షరీయత్ దృష్టిలో చెల్లవు. రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లినా అల్లాహ్ వద్ద చెల్లవు. అక్కాచెల్లెళ్ళకు మీరాస్‌లో రావలసిన వాటా తప్పించడానికి అలా చేయించి ఉంటే అది రెండింతల పాపం. బ్రతికి ఉండగానే సరిదిద్దుకోండి.

తల్లి మందుల ఖర్చు జకాత్ సొమ్ములోంచి తీయవచ్చునా అని ప్రతి రంజాన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. తీయరాదు. తల్లిదండ్రుల పోషణ స్తోమత గల సంతానంపై స్వయంగా విధి. మన విధిని మన జకాత్‌తో తీర్చుకోలేము. పొరుగింటి పేద వృద్ధురాలికి, అర్హురాలైన మేనత్తకు, అక్కకు జకాత్ ఇవ్వవచ్చు. ఆ డబ్బును గాని, మందులను గాని వారి చేతికే ఇచ్చి వారిని యజమానులను చేయాలి. అలాగే, అత్తమామల సేవ మొత్తం కోడలి మెడకు చుట్టి కొడుకు టీ దుకాణంలో కూర్చోవడం మన ఫిఖహ్‌లో ఎక్కడా లేదు. విధి కొడుకుది. కోడలు చేస్తున్నది ఇహ్సాన్, ఉపకారం. ఆ రోజు గుమ్మం దగ్గర ఏడ్చిన అమ్మాయి ఎనిమిది నెలలు ఒక్క రాత్రి కూడా సరిగా నిద్రపోలేదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. దొంగ అనిపించుకుంటూనే అత్తకు అన్నం తినిపించింది.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి భిక్షమెత్తుకుంటున్న ఒక అంధ వృద్ధుణ్ణి చూశారు. అతడు యూదుడు. ఈ స్థితి ఎందుకు వచ్చిందని విచారించి, తన ఇంటికి తీసుకెళ్ళి ఉన్నదేదో ఇచ్చారు. ఆ తర్వాత బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి, ఇతణ్ణీ, ఇటువంటివారినీ చూడమని ఆజ్ఞాపించారు. వయసులో అతని సొమ్ము తిని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నది ఆయన తర్కం. ఇమామ్ అబూ యూసుఫ్ తన ఖరాజ్ గ్రంథంలో దీన్ని నమోదు చేశారు. ఇతణ్ణీ అని ఆగకుండా, ఇటువంటివారినీ అన్నారు, గమనించారా? జేబులోంచి ఇవ్వడం మనకు బాగా వచ్చు. ఇటువంటివారిని వెదికి పట్టుకోవడం రాదు. ఆ వృద్ధుడు మన మతస్థుడు కూడా కాడు. కనుక మనం చేయబోయే పనిలో వీధిలోని హిందూ, క్రైస్తవ వృద్ధులను కూడా విడిచిపెట్టరాదు.

ప్రభుత్వం ఇచ్చేవాటిని కూడా వదులుకోకండి. 70 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 నుంచి ఆయుష్మాన్ కార్డు ద్వారా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉన్నది. ఆధార్ ఉంటే చాలు. అయితే ఆ కార్డు పనికివచ్చేది ఆసుపత్రిలో చేరినప్పుడు. రోజూ మింగే మాత్ర దానిలో రాదు. పడిపోయాక లక్షలు ఇస్తారు, పడిపోకుండా ఆపే మాత్రకు మనమే దారి చూసుకోవాలి. ఆ ఖాళీలోనే మన పని ఉన్నది. వృద్ధుల సమస్యలకు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లలు వదిలేసిన తల్లిదండ్రులు పోషణ కోరడానికి 2007 నాటి చట్టం ఉన్నది. ఆ చట్టంతో పని పడే స్థితి ఏ ముస్లిం ఇంటికీ రాకూడదని కోరుకుంటాను.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూ బక్ర్ (రజి) తన ముసలి తండ్రిని చేయి పట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. ఆ పెద్దాయన జుట్టు పూర్తిగా తెల్లబడి ఉన్నది. ఆయనను ఇంటివద్దనే ఉంచితే తానే వచ్చి ఉండేవాడినని దైవప్రవక్త (స) అన్నారు. విజేతగా నగరంలో అడుగుపెట్టిన రోజున, వృద్ధుని గుమ్మానికి తాను వెళ్ళవలసినదని ఆయన తలచారు. మన పద్ధతి తలక్రిందులుగా ఉన్నది. మెట్లెక్కి మస్జిదుకు రాలేనివారిని నెలకే మరచిపోతాము. వారు మరణించాక మైకులో ప్రకటిస్తాము.

మస్జిదు కమిటీ ఒక బీపీ యంత్రం, ఒక షుగర్ యంత్రం కొన్నది. ప్రతి జుమా తర్వాత వజూఖానా పక్క గదిలో నర్సుగా పనిచేసే మన సోదరుడొకరు కూర్చుంటారు. ముప్ఫై దాటిన ప్రతివారూ చూపించుకుని వెళ్ళండి, సిగ్గుపడకండి. రాలేనివారి కోసం వీధివారీగా 60 ఏళ్ళు దాటినవారి జాబితా రాస్తున్నాము. పేరు, ఏ మందు వాడుతున్నారు, ఎవరు తెచ్చిపెడుతున్నారు, చెవి వినబడుతున్నదా, కన్ను కనబడుతున్నదా, ఒంటరిగా ఉన్నారా, ఇంతే. నెలకు ఒకసారి ఆరోగ్య కేంద్రం నుంచి మందులు తేవడానికి ఆటో ఉన్న ఇద్దరు సోదరులు ముందుకు వచ్చారు. వారి ఉపాధిలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక! స్త్రీలను చూడటానికి స్త్రీలే వెళ్ళాలి. మీ ఇళ్ళలో డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు ఈ పనికి కావాలి. వారంలో రెండు గంటలు ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెబితే ఆ ఇంటి కోడలు నిద్రపోతుంది.

ఓ అల్లాహ్! మతి తప్పిపోయే దుర్భర వృద్ధాప్యం నుంచి నీ ప్రవక్త (స) నీ శరణు కోరారు, మేమూ కోరుతున్నాము. ఆ స్థితికి చేరిన మా తల్లిదండ్రుల మీద, వారు మమ్మల్ని పసితనంలో సాకినట్లు, కరుణ చూపించు. నేను చిన్నదిగా ఎంచిన ఆమె సమాధిని వెలుగుతో నింపు. ఆమీన్.

ఆ జాబితాలో మొదట రాయవలసిన ఇల్లు నాకు తెలుసు. ఆ బీడీ కార్మికురాలి చెల్లెలు అదే వీధిలో, అదే పని చేసుకుంటూ ఒంటరిగా ఉంటున్నది. ఈ రోజు అస్ర్ తర్వాత నేను, నా భార్య యంత్రం తీసుకుని అక్కడికి వెళుతున్నాము. వీధి తెలిసిన యువకులు ఇద్దరు నాతో రండి.